హైఫైకి ఏది మేలు: ఖరీదైన పవర్ కేబులా, విడి లైనా, స్టెబిలైజరా?

హైఫై (నాణ్యమైన ధ్వనినిచ్చే సంగీత పరికరాలు) కోసం మంచి యాంప్లిఫైయర్, మంచి స్పీకర్లు సమకూర్చుకున్న తరువాత సంగీతప్రియుల చూపు యాంప్లిఫైయర్ పెట్టెలో వచ్చిన మామూలు నల్లటి పవర్ కేబుల్ మీదికి మళ్లుతుంది. దాని స్థానంలో మందపాటి రాగి తీగలతో, వెండి పూతతో, అల్లిక తొడుగుతో వచ్చే కేబుళ్లను మన దేశంలోనూ వేల రూపాయల నుంచి లక్షల దాకా అమ్ముతున్నారు. అదే డబ్బులో కొంత భాగంతో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, డిస్ట్రిబ్యూషన్ బోర్డు (ఇంట్లోకి వచ్చే కరెంటును గదులకు పంచే పెట్టె) నుంచి పాటలు వినే గదికి విడిగా ఒక లైను లాగించుకుని, ఎర్తింగును బాగుచేయించుకోవచ్చు. లేదా ఒక స్టెబిలైజరో, ఆన్‌లైన్ యూపీఎస్సో (ఎల్లప్పుడూ తన ఇన్వర్టర్ ద్వారానే కరెంటునిచ్చే రకం) కొనుక్కోవచ్చు. మన ఇళ్ల పరిస్థితిలో వీటిలో గోడ లోపలి పనికే మొదటి పీట వేయాలని, కేబుల్ వంతు అన్నిటికన్నా చివర రావాలని నా అభిప్రాయం. అందుకు కారణాలు వివరంగా చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. మామూలు కేబుల్ పొడవు ఒకటిన్నర మీటరు, అందులోని తీగ మందం (అడ్డుకోత వైశాల్యం) 0.75 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే, రానుపోను మూడు మీటర్ల రాగికి నిరోధం దాదాపు 0.07 ఓములు. 230 వోల్టుల దగ్గర 300 వాట్లు తీసుకునే యాంప్లిఫైయర్ 1.3 ఆంపియర్లు లాగుతుంది కనుక ఆ కేబుల్‌లో పోయేది 0.09 వోల్టు. దాన్ని తీసి 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ పెడితే పోయేది 0.03 వోల్టుకు తగ్గుతుంది, అంటే మనం మిగుల్చుకున్నది 0.06 వోల్టు. వెండి తీగ వాడినా పెద్ద తేడా రాదు, ఎందుకంటే రాగి కన్నా వెండి ఆరేడు శాతం మాత్రమే మెరుగైన వాహకం. అదే కరెంటు డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి గది దాకా ఇరవై మీటర్ల దూరం 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో ప్రయాణించి వస్తే, ఆ దారిలోనే 0.6 వోల్టు పోతుంది. కేబుల్ మార్చి మిగుల్చుకున్న దానికి ఇది పది రెట్లు. యాంప్లిఫైయర్ లోపల ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ కరెంటును తరంగపు శిఖరాల దగ్గర మాత్రమే గుక్కలు గుక్కలుగా లాగుతుంది కాబట్టి ఆ క్షణాల్లో ఈ అంకెలన్నీ పెరుగుతాయన్నది నిజమే, కానీ కేబుల్‌కూ గోడలోని వైరుకూ మధ్య ఉన్న నిష్పత్తి మాత్రం మారదు. పైగా యాంప్లిఫైయర్‌లో ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫైయర్, పెద్ద కెపాసిటర్లు కలిసి ఏసీని డీసీగా మార్చిన తరువాతే సంగీతం పని మొదలవుతుంది. 0.06 వోల్టు తేడా అక్కడిదాకా చేరి వినిపించే అవకాశం నాకు కనిపించదు.

చెవులతోనూ ఈ విషయాన్ని పరీక్షించారు. 2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు హైఫై అభిమానులు ఏ కేబుల్ తగిలించి ఉందో తెలియకుండా, మామూలు పవర్ కేబుల్‌నూ చాలా ఖరీదైన కేబుల్‌నూ మార్చి మార్చి విన్నారు. మొత్తం 149 సమాధానాల్లో సరైనవి 73, అంటే కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా వచ్చేటన్ని. అయినా కేబుల్ మార్చగానే తేడా వినిపించిందని చెప్పేవారి మాటను నేను కొట్టిపారేయను. ఎన్నో ఏళ్లుగా కదలని ప్లగ్గును ఊడదీసి మళ్లీ గుచ్చినప్పుడు పిన్నుల మీది చిలుము రాసుకుపోయి, వదులుగా ఉన్న పట్టు సరిపడి, నిజంగానే ఒక చిటపట శబ్దం పోయి ఉండవచ్చు. ఆ మేలు పాత కేబుల్‌ను తీసి పెట్టినా దక్కుతుంది.

కేబుల్ తప్పక మార్చవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. యాంప్లిఫైయర్ వెనక గుచ్చే కొన వదులై ఊగుతున్నా, ప్లగ్గు వేడెక్కుతున్నా, మూడు పిన్నులు ఉండవలసిన చోట రెండే ఉన్నా, తీగ మీద ఐఎస్ఐ గుర్తు లేకపోయినా ఆలస్యం చేయకూడదు. సాంకేతికంగా నాకు గట్టిదిగా తోచే వాదన ఇంకొకటి ఉంది. రెండు పరికరాలకూ ఎర్తు ఉండి, వాటి మధ్య పాట సిగ్నల్‌ను మోసే ఆర్‌సీఏ కేబుల్ ఉన్నప్పుడు, ఎర్తు తీగల్లో పారే చిన్న లీకేజీ కరెంటు వల్ల రెండు పెట్టెల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఏర్పడి, ఆర్‌సీఏ కేబుల్ పైపొర ద్వారా పాటలోకి గుయ్‌మనే రొదగా చొరబడుతుంది. ఎర్తు తీగ మందంగా, పొట్టిగా ఉంటే ఆ తేడా తగ్గుతుంది. అయితే అందుకు కొన్ని వందల రూపాయలకు దొరికే, మూడు తీగలూ 1.5 చదరపు మిల్లీమీటర్లు ఉన్న మంచి కేబుల్ సరిపోతుంది.

ఖరీదైన విదేశీ కేబుళ్లతో మన ఇళ్లలో ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది. మన 6, 16 ఆంపియర్ల సాకెట్లకు మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు కావాలి, కానీ ఆ కేబుళ్లలో చాలావాటికి అమెరికా ప్లగ్గో, ఐరోపాలో వాడే షూకో ప్లగ్గో ఉంటుంది. షూకో ప్లగ్గుకు ఎర్తు పక్క పట్టీల మీద ఉంటుంది. దాన్ని అన్ని దేశాల ప్లగ్గులూ పట్టే సాకెట్‌లో గుచ్చితే పరికరం చక్కగా పనిచేస్తుంది గానీ ఎర్తు మాత్రం ఎక్కడా తగలదు. యాంప్లిఫైయర్ ఇనుప పెట్టెకు ఎర్తు లేకుండా చేసి లక్ష రూపాయల కేబుల్ వాడడం కన్నా, ఐఎస్ఐ గుర్తున్న మామూలు కేబుల్ ఎంతో మేలైనది.

ఇక విడి లైను సంగతి. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఒక ప్రత్యేక ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్చి) పెట్టించి, అక్కడి నుంచి మధ్యలో అతుకులు లేకుండా 4 చదరపు మిల్లీమీటర్ల ఫేజు, న్యూట్రల్, ఎర్తు వైర్లను ఒకే మంచి 16 ఆంపియర్ల సాకెట్ దాకా లాగించాలి. ముందు చెప్పిన 0.6 వోల్టు దీనితో 0.22కు తగ్గుతుంది. నిజానికి ఈ తగ్గుదల కూడా గొప్పదేమీ కాదు. అసలు లాభం వేరే చోట ఉంది. ఫ్యాను రెగ్యులేటర్లు, చవక ఎల్ఈడీ బల్బులు, ఫ్రిజ్ కంప్రెసర్, మిక్సీ ఉన్న వైరు మీద యాంప్లిఫైయర్ ఇక ఉండదు. అన్నీ బోర్డు దగ్గర కలిసేవే కనుక రొద పూర్తిగా పోదు, కానీ ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా స్పీకర్లో వినిపించే టక్ మనే చప్పుడు చాలా ఇళ్లలో తగ్గుతుంది. హైఫై పెట్టెలన్నీ ఒకే చోట కరెంటు తీసుకోవడం వల్ల వాటి ఎర్తుల మధ్య తేడా కూడా దాదాపు మాయమవుతుంది. ఎలక్ట్రీషియన్ ఉండగానే సాకెట్‌లో ఫేజు కుడివైపు రంధ్రంలో ఉందో లేదో టెస్టర్‌తో చూపించమనాలి, ఎందుకంటే ఫేజు, న్యూట్రల్ తారుమారైన సాకెట్లు మన ఇళ్లలో అరుదేమీ కాదు.

ఎర్తింగు గురించి ఎంత చెప్పినా తక్కువే. మల్టీమీటర్‌తో ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలిస్తే, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నంత వోల్టేజీయే దాదాపుగా రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించి గణనీయంగా కనిపిస్తే ఎర్తు గుంతనో, న్యూట్రల్ అతుకులనో అనుమానించాలి. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన పాత గుంతలు ఎండాకాలంలో ఎండిపోయి నిరోధం పెరుగుతుంది, అందుకే వాటిలో నీళ్లు పోస్తుంటారు. రొద పోవడానికి ఎర్తు పిన్ను విరగ్గొట్టుకునే అలవాటును మాత్రం గట్టిగా ఖండించాలి. రొద పోతే పోవచ్చు, కానీ లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజు వాల్యూమ్ నాబ్ ముట్టుకున్న మనిషి ప్రాణానికే ముప్పు. రొద కేబుల్ టీవీ వైరు నుంచి వస్తుంటే, ఆ వైరును తీసి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. అప్పుడు కావలసింది ఆ వైరు మీద, దాని ఎర్తును హైఫై నుంచి విడదీసే ఒక చిన్న ఐసొలేటర్ మాత్రమే. సిగ్నల్ కేబుళ్లను పవర్ కేబుళ్లకు దూరంగా పెట్టడానికి, దాటవలసి వస్తే అడ్డంగా దాటించడానికి రూపాయి ఖర్చు ఉండదు.

స్టెబిలైజర్ మూడో మార్గం. ఇది అవసరమా కాదా అన్నది ఇల్లు ఎక్కడ ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. వ్యవసాయ మోటార్లు నడిచే వేళల్లో పల్లెల్లో వోల్టేజీ 180కి పడిపోతే, మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫైయర్ ఇవ్వగల గరిష్ఠ శక్తి దాదాపు నలభై శాతం తగ్గిపోతుంది. అక్కడ సర్వో స్టెబిలైజర్ (చిన్న మోటారుతో వోల్టేజీని సరిదిద్దే రకం) చేసే మేలుకు ఏ కేబులూ సాటి రాదు. 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేసే పవర్ సప్లై ఉన్న పరికరాలకు మాత్రం దాని అవసరం లేదు. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తెగితే ఇంటి వోల్టేజీ 400 దరిదాపులకు పోవచ్చు కాబట్టి, ఓవర్ వోల్టేజీ రాగానే కరెంటు ఆపేసే సాధనాన్ని మాత్రం ఊళ్లోనైనా నగరంలోనైనా పెట్టుకోవాలి. ఆన్‌లైన్ యూపీఎస్ శుద్ధమైన కరెంటును ఇస్తుంది గానీ దాని ఫ్యాను చప్పుడు నిశ్శబ్దమైన గదిలో బాధిస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద వినేవారు అది ప్యూర్ సైన్ వేవ్ రకమో (లైను కరెంటులాగే నునుపైన తరంగాన్ని ఇచ్చేదో) కాదో చూసుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంటే దానికి ఏ పవర్ కేబులూ మందు కాదు.

అద్దె ఇంట్లో ఉన్నవారికి గోడలు తవ్వించే వీలు ఉండదు. అలాంటివారు గదిలో ఎర్తు సరిగా ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌ను కొలిచి ఎంచుకుని, దాని నుంచి లోహపు పెట్టె ఉన్న ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డును తీసుకుని, హైఫై పెట్టెలన్నింటినీ దానికే కలపాలి. సాకెట్ పట్టు వదులైతే యజమానికి చెప్పి కొత్తది వేయించుకోవడం ఒక గంట పని, ఖర్చు కూడా స్వల్పం. ఆ బోర్డులో పిడుగుపాటు రక్షణ ఉంటే దాని సూచిక దీపాన్ని అప్పుడప్పుడు గమనిస్తూ, అది ఆరిపోయిన రోజున బోర్డును మార్చుకోవాలి.