ఫెండర్లు కొనే బోటు ఓనర్లూ జాగ్రత్త, గుద్దితే గ్యారంటీ లేదంట!

కాకినాడ ఉప్పుటేరులో బోట్లు పెట్టుకునే అన్నలూ, ముందు ఇది చదివి తర్వాత డబ్బులు పంపండి. బోటు తగిలినా దెబ్బ తినకుండా జెట్టీ గోడకి బిగించే రబ్బరు దిమ్మలే ఈ ఫెండర్లు. అమ్మేది ఎవరో మీకు తెలుసు, "మెరైన్ గ్రేడ్ రబ్బరు, పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అని వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఫోటోలు పెడతాడే, ఆయనే. పేరు రాస్తే కేసేస్తానన్నాడు.

ఏప్రిల్ 15న వేట ఆపేశారు కదా, ఈలోపు జెట్టీకి కట్టిన పాత లారీ టైర్లు పీకేసి డీ ఫెండర్లు (ఇంగ్లీషు D ఆకారంలో ఉండేవి) వేయిద్దామని నలుగురం తలో 21 వేలు వేసుకుని 12 ముక్కలు తెప్పించాం, బిగింపూ ఆయన మనుషులదే. అడ్డంగా బిగిస్తుంటే మా సరంగు, అంటే బోటు నడిపేవాడు, "నిలువుగా వెయ్యండి బాబూ, పాటులో, నీళ్ళు తీసినప్పుడు, బోటు కిందకి దిగిపోద్ది" అని మొత్తుకున్నాడు. ఇంజినీరు కంటే నీకెక్కువ తెలుసా అన్నాను నేను. తెలివితేటలు!

జూన్ 15న వేట మొదలైంది, నెల తిరక్కుండానే ఓ రాత్రి పాటులో బోటు అంచు ఫెండర్ల కిందకి దూరింది, పోటు ఎక్కేసరికి వాటిని పెకలించుకుంటూ పైకి లేచింది. పొద్దున్న చూస్తే మూడు ఊడి వేలాడుతున్నాయి. వాషర్లు వెయ్యలేదేమో రబ్బరు చిరిగి వచ్చేసింది గానీ బోల్టులు మాత్రం గోడకి మేకుల్లా అలాగే ఉన్నాయి, వాటికి రాసుకుని బోటు పక్క చెక్క మూరెడు చీలింది. బిల్లులో స్టెయిన్‌లెస్ అని రాసిన బోల్టులకి ఎర్రగా తుప్పు కారుతోంది. రబ్బరుని గోరుతో గీకితే నల్ల రవ్వలా రాలుతోంది.

ఫోన్ చేశాను, స్పీకర్లో పెట్టి. "బోటు గానీ తగిలిందా సార్?" అన్నాడు. తగిలింది అన్నాను. "అదే మరి, గుద్దించుకుంటే గ్యారంటీ రాదు" అన్నాడండీ! ఫెండర్ పెట్టేదే గుద్దుకోడానికి కదయ్యా, వానలో తడవకుండా చూసుకోమని గొడుగు అమ్మినట్టుంది. ఆ మాటంటే "ముందు మీ సరంగుకి బోటు ఆపడం నేర్పించండి" అని పెట్టేశాడు. ఆ సరంగు నా పక్కనే ఉన్నాడు, ముప్పై ఏళ్ళుగా సముద్రం మీద తిరిగే మనిషి. ఏమీ అనలేదు, బీడీ ముట్టించుకుని అటు వెళ్ళిపోయాడు. 84 వేలు పోయినందుక్కూడా నాకంత మండలేదు.

కొనేవాళ్ళు బోల్టుకి అయస్కాంతం పెట్టి చూడండి, టప్పున అతుక్కుంటే వద్దనండి. బోల్టు తల రబ్బరు లోపలికి దిగి, కింద రేకు ముక్కో పెద్ద వాషరో ఉండాలి. అడ్డంగా మాత్రం వేయించకండి.

పీకేసిన టైర్లు పాత సామాన్ల షాపులో అమ్మేశాను కదా, నిన్న వాటినే రెట్టింపు ఇచ్చి తెచ్చుకున్నాను. సరంగే కట్టాడు.