పెనమా, పొయ్యా: ఐనూలకు ఏ పాలన నయం?

ఐనూలంటే జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవి ఆదివాసులు. వాళ్ల ప్రస్తావన వస్తే చాలామంది "జపాన్ పాలన" అని ఒకే గాటన కట్టేస్తారు. కానీ హొక్కైడో ఐనూలు చూసిన దొరతనాలు రెండు. 1869 దాకా ఎక్కువ కాలం దీవి దక్షిణ కొసన ఉన్న మత్సుమాయే సంస్థానం ప్రభువులు, వాళ్ల వర్తకులు. తర్వాత టోక్యో నుంచి దిగిన మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం. ఏది నయమో తేల్చాలంటే సాల్మన్ చేప వెంట వెళ్లడమే సులువు.

మత్సుమాయే గడ్డ మీద వరి పండేది కాదు. అందుకే 1604లో షోగున్ (జపాన్‌ను ఏలే సేనాధిపతి) ఇచ్చిన వర్తక గుత్తే వాళ్లకు జీవనాధారం. వంద ఎండు సాల్మన్‌లకు ఒక బస్తా బియ్యం అని బేరం. రానురాను బస్తా పేరు అలాగే ఉంది, లోపలి బియ్యం మాత్రం 36 లీటర్ల నుంచి 14 లీటర్ల దగ్గరికి పడిపోయింది. చేపలు లెక్కపెట్టేటప్పుడు "మొదలు" అని ఒకటి, "ఆఖరు" అని ఇంకోటి కలుపుకొని పన్నెండింటిని పదిగా చూపేవాళ్లని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1669లో ఐనూ నాయకుడు షకుషైన్ తిరగబడితే సంధి విందుకు పిలిచి చంపారు. తర్వాత గుత్త వర్తకులు మగవాళ్లను నెలల తరబడి హెర్రింగ్ చేపల రేవుల్లో చాకిరీకి లాక్కెళ్లారు. ఆ చేపను ఉడికించి, పిండి, ఎరువుగా జపాన్ ప్రధాన దీవి హొన్షూ పొలాలకు పంపేవాళ్లు. 1789లో తూర్పు వైపు కునషిరి, మెనషి ప్రాంతాల ఐనూలు 71 మంది జపనీయుల్ని చంపారు. అందుకు 37 మంది ఐనూల తలలు తెగాయి.

ఇంత చేసినవాళ్లు ఇంటి గడప మాత్రం తొక్కలేదు. పైగా ఐనూలు జపనీస్ మాట్లాడకూడదనీ, గడ్డి చెప్పులు వేసుకోకూడదనీ ఆంక్ష పెట్టారు. అదేమీ గౌరవం కాదు, వేరుగా ఉంచితేనే వర్తకం సాగుతుందన్న లెక్క. కానీ ఆ లెక్క వల్లే భాష, పచ్చబొట్లు, ఎలుగుబంటి పండుగ మిగిలాయి. లోపలి ఊళ్లకు ఏరు కూడా మిగిలింది.

మెయిజీ వాళ్లు మొదలుపెట్టిందే గడప లోపలి నుంచి. 1871లో ఆడవాళ్ల పచ్చబొట్లు, మగవాళ్ల చెవిపోగులు, మనిషి పోతే ఇల్లు తగలబెట్టే ఆచారం, అన్నీ నిషేధం. 1876లో వేటకు వాడే విషబాణాలు. ఆ వెనకే ఏటిలో సాల్మన్ పట్టడం దొంగతనమైంది. 1899 చట్టం పేరు "మాజీ ఆదివాసుల రక్షణ చట్టం" (ఆదివాసి మాజీ ఎలా అవుతాడో!). దాని కింద ఇంటికి 5 హెక్టార్ల లోపు భూమి, పదిహేనేళ్లలో దున్నకపోతే వెనక్కి. అంతకు రెండేళ్ల ముందే సాగు పేరిట వలసదారుకు 500 హెక్టార్ల దాకా ఇవ్వొచ్చని రాసుకున్నారు.

నన్నడిగితే, 1789 నాటి తూర్పు తీరంలో వర్తకుడి పాలన నయమని చెప్పడానికి నోరు రాదు. ఏటిపక్క లోపలి ఊళ్లకు మాత్రం అదే నయం. వర్తకుడు చేపకు ధర తెగ్గోశాడు, మెయిజీ ఉద్యోగి చేపనే తీసేసుకున్నాడు. తర్వాత 1994లో జపాన్ పార్లమెంటుకెళ్లిన తొలి ఐనూ, హొక్కైడోలోని నిబుతాని ఊరివాడు కయనో షిగెరు, తన చిన్నతనంలో పోలీసు ఇంటికొచ్చి సాల్మన్ పట్టినందుకు తండ్రిని తీసుకెళ్లడం రాసుకున్నారు. నేలకు తల వంచిన తండ్రి కళ్ల నుంచి బొటబొటా నీళ్లు కారాయట. ఆ చేపతోనే ఇంట్లో పిల్లలు అన్నం తిన్నారు.

ఆ 1899 చట్టం 1997లో రద్దయింది. ఏటిలో సాల్మన్ పట్టుకునే హక్కు తమదేనని హొక్కైడోలోని ఉరహొరో పట్టణపు ఐనూలు వేసిన దావాను 2024 ఏప్రిల్‌లో సప్పొరో జిల్లా కోర్టు కొట్టేసింది.