ఆరేళ్ల వాడకం తర్వాత నా ఆఫీసు సూటు: ఒక పొట్టి మనిషి లెక్క

పోయిన వారం ఈ కోటుకు రెండోసారి లైనింగ్ మార్పించాను. ఇంత కంటే కొత్తది కొనుక్కోవచ్చు కదా అని ఇంట్లో అడిగారు. కొనుక్కోవచ్చు. కానీ నా ఒంటికి సరిపోయే కోటు దొరికేసరికి మూడేళ్లు గడిచాయి, రెండు సూట్లు వృథా అయ్యాయి. అంత తిరిగి సంపాదించుకున్నదాన్ని లోపలి గుడ్డ చిరిగిందని వదిలేయడానికి మనసొప్పలేదు.

నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, అంటే దాదాపు 150 సెంటీమీటర్లు. సన్నగా ఉండను, లావూ కాదు. నేను చెప్పబోయే సూటు ముదురు నీలం రంగుది. బట్టలో 98 శాతం ఉన్ని, 2 శాతం సాగే నూలు. ఒంటి గుండీ కోటు, దానికి ఒకే తానులోంచి వచ్చిన రెండు ప్యాంట్లు. పెటీట్ కొలతలో, అంటే పొట్టివాళ్ల కోసం కుట్టే కొలతలో, రెడీమేడ్‌గా కొన్నాను. వారానికి రెండు మూడు రోజుల చొప్పున ఆరేళ్లుగా వేసుకుంటున్నాను.

ముందు పోయిన రెండింటి సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా వాటి దగ్గరే. మొదటి సూటు మామూలు కొలతల్లో అన్నింటికంటే చిన్న సైజు. పొడవు ఎక్కువైనా దర్జీ దగ్గర కోయించుకుంటే సరిపోతుందని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. చేతులు తగ్గించారు, ప్యాంటు తగ్గించారు. అయినా అద్దంలో చూసుకుంటే తండ్రి కోటు తొడుక్కున్న బడిపిల్లలాగే ఉన్నాను. ఎక్కడ తేడా వస్తోందో నాకు అర్థం కాలేదు. ఆ దర్జీ పెద్దాయన నన్ను పక్కకు తిరిగి నిలబడమని, నడుము వెనక గుడ్డను రెండు వేళ్లతో పట్టి చూపించారు. అక్కడ అడ్డంగా రెండు మడతలు పడ్డాయి. "పొడవు కింద ఎక్కువైతే నేను కోసేస్తానమ్మా. మీకు మధ్యలో ఎక్కువైంది. మధ్యలోది తీయాలంటే కోటు మొత్తం విప్పి మళ్లీ కుట్టాలి" అన్నారు.

ఆ ఒక్క మాటతో లోపం ఎక్కడుందో తెలిసింది. మామూలు కొలతలో కుట్టిన కోటుకు నడుము ఒకచోట ఉంటుంది, నా నడుము దానికి రెండు మూడు వేళ్ల పైన ఉంటుంది. కోటు సన్నబడే చోట నా తుంటి మొదలవుతుంది, కోటు విచ్చుకునే చోట నాకేమీ ఉండదు. గుండీ పొట్ట మీదికి, జేబులు తొడల దగ్గరికి దిగుతాయి. ప్యాంటుకు మోకాలి దగ్గర ఇచ్చిన వంపు నా పిక్కల మీదికి వస్తుంది. అంచులు ఎంత కోయించినా ఇవేవీ పైకి జరగవు. పెటీట్ అంటే మామూలు సైజును కింద కత్తిరించడం అనుకునేదాన్ని. సరిగ్గా కుట్టిన పెటీట్ కోటులో మెడ వెనక ఎముక నుంచి నడుము వరకు ఉండే దూరమే తగ్గుతుంది. భుజం వెడల్పు, చంక లోతు, జేబుల చోటు, కాలరు వెడల్పు కూడా దానికి తగ్గట్టే మారతాయి. ఈ కొలతను రెడీమేడ్ దుస్తుల్లోకి తెచ్చిన ఘనతను 1940లలో పనిచేసిన అమెరికన్ డిజైనర్ హానా ట్రాయ్‌కి ఇస్తారు. ఆమె కూడా మెడ నుంచి నడుము దాకా ఉన్న ఈ దూరాన్నే పట్టించుకున్నారు. అన్నేళ్ల క్రితమే తేలిన సంగతి నాకు ఒక జీతం ఖర్చయ్యాక తెలిసింది.

రెండో సూటు పెటీట్ అని రాసి ఉన్నదే. భుజాలు కుదిరాయి, నడుము కుదిరింది. అప్పుడు నడుస్తున్న మోజు ప్రకారం కోటు మాత్రం తొడల సగం వరకు వచ్చేది. కాళ్లు అక్కడితో ఆగిపోయినట్టుండేవి. పైగా పాలియెస్టర్, విస్కోస్ కలిపిన బట్ట. ఏడాదిలో మోచేతుల దగ్గర నిగనిగలాడింది. ఛాతీ ముందు భాగంలో ఆకారం నిలవడానికి లోపల అతికించిన బకరం అనే బిరుసు గుడ్డ వదిలిపోయి, బట్ట మీద చిన్న చిన్న బుడగలు లేచాయి. కుట్టు వేయకుండా జిగురుతో వేడి మీద అతికించే కోట్లలో, పని నాసిరకంగా ఉంటే, డ్రై క్లీనింగ్‌కు నాలుగైదుసార్లు వెళ్లేసరికి ఇలా జరుగుతుంది. దానికి వైద్యం లేదు. కొనేటప్పుడు దాన్ని పసిగట్టే ఉపాయం ఒకటి ఉంది. కింది గుండీకీ అంచుకూ మధ్య ముందు గుడ్డను, లోపలి గుడ్డను రెండు చేతుల వేళ్లతో విడదీసినట్టు పట్టుకుని మెల్లగా రుద్దాలి. రెండింటి మధ్య విడిగా కదిలే మూడో పొర తగిలితే అది కుట్టిన బకరం. అంతా ఒకే దళసరి అట్టలా ఉంటే అతికించినది. అతికించినవన్నీ చెడ్డవి కావు, నేను ఇప్పుడు వేసుకుంటున్నది కూడా నడుము కింద అతికించినదే. తెలిసి కొనడం వేరు, అంతే.

మూడోసారి ట్రయల్ రూములో గంటన్నర కూర్చున్నాను. పొట్టివాళ్లకు పుట్టెడు బుద్ధులు అంటారు, అందులో సగం నాకు ఆ రోజే వచ్చి ఉంటాయి. మొదట గోడ పక్కన నిలబడి భుజం ఆనించాను. నా చేయి గోడకు తగలకముందే కోటు భుజంలోని ప్యాడ్ తగిలి నొక్కుకుపోతే ఆ భుజం నాది కాదు. ఇది అన్నింటికంటే ముందు చూడాల్సింది. చేతులు, నడుము, అంచు, ప్యాంటు నడుంపట్టీ అన్నీ తర్వాత సరిచేయించుకోవచ్చు. భుజం మాత్రం మంచి దర్జీలు కూడా ముట్టుకోవడానికి ఇష్టపడరు, ముట్టుకున్నా కోటు ఖరీదులో సగం అడుగుతారు. తర్వాత ఒక పక్కకు వంగాను. ఒళ్లు ఎక్కడ మడత పడుతుందో అదే అసలు నడుము, గుండీ అక్కడే లేదా దానికి ఒక వేలు పైన ఉండాలి. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని కీబోర్డు మీద టైపు చేస్తున్నట్టు చేతులు ముందుకు చాపాను. చంక లోతుగా కోసిన కోటైతే చేతులతో పాటు కోటు మొత్తం పైకి లేచి కాలరు చెవులను తాకుతుంది. రోజంతా బల్ల ముందు కూర్చునేవాళ్లకు ఈ పరీక్ష నిలబడి చూసుకునే అద్దం కంటే ముఖ్యమని నా అభిప్రాయం. అమ్మకాల మనిషి నన్ను వింతగా చూశారు. చూడనివ్వండి.

కోటు పొడవు విషయంలో నాకు కుదిరింది తుంటి ఎముక దాటి రెండు వేళ్లు. పొడవు తగ్గించుకోవచ్చులే అనుకోవద్దు. రెండు మూడు సెంటీమీటర్లు మించి తగ్గిస్తే జేబులు అంచు మీద కూర్చుంటాయి. చేతులకూ ఒక మెలిక ఉంది. మణికట్టు దగ్గర గుండీలకు నిజమైన కాజాలు కోసి ఉంటే కింది నుంచి తగ్గించలేరు, భుజం దగ్గర విప్పి పై నుంచి ఎత్తాలి. నా కోటుకు కాజాలు ఉత్త కుట్టే, చీలిక లేదు. చౌకదనం అనుకుని మొదట చిన్నబుచ్చుకున్నాను, అదే నాకు మేలు చేసింది. ఒకటిన్నర సెంటీమీటర్ కింది నుంచే తగ్గించి గుండీలు పైకి జరిపారు. చేయి వదిలేసి నిలబడితే అంచు మణికట్టు ఎముక మీద ఆగాలి, లోపలి చొక్కా ఒక సెంటీమీటర్ కనిపించాలి. చిన్న చేతుల మీద ఈ ఒక్క సెంటీమీటర్ చేసే పని మరేదీ చేయదు.

కాలరు మడత సన్నగా ఉంది, జేబులకు పై రెక్కలు లేవు, ఉత్త చీలికలే. రెక్కలుంటే తుంటి దగ్గర ఇంకో అడ్డగీత పడేది.

ఇక ప్యాంటు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, నేను రెండుసార్లు మోసపోయాను. నా కాలి లోపలి పొడవు 26 అంగుళాలు. మామూలు ప్యాంటు దానికంటే నాలుగైదు అంగుళాలు ఎక్కువ వస్తుంది. కిందికి సన్నబడుతూ వచ్చే ప్యాంటును నాలుగంగుళాలు కోసేస్తే పోయేది ఆ సన్నటి భాగమే, మిగిలేది వెడల్పాటి గొట్టం. కింద విచ్చుకునే రకాన్ని కోస్తే ఆ విచ్చుకునే భాగమే దర్జీ కొట్టు నేల మీద పడుతుంది. అందుకే కోయించినప్పుడు మోకాలి నుంచి పక్క కుట్లు కూడా మళ్లీ వేయించాలి. ఆ పని చెప్పకపోతే ఎవరూ తమంతట తాము చేయరు. ఈ సూటు ప్యాంటు నేరుగా దిగే రకం, నడుముకు పైదాకా వస్తుంది. ఒక అంగుళం తగ్గిస్తే చాలింది. ఒక ప్యాంటును చదును చెప్పులకు, రెండోదాన్ని రెండంగుళాల మడమకు కుట్టించుకున్నాను. ఒకే ప్యాంటును రెండింటికీ వేసుకుంటే ఒకరోజు అంచు నేలను ఊడుస్తుంది, మరోరోజు చీలమండ పైన వేలాడుతుంది. అంచు పాదం మీద మడత పడకుండా, చెప్పును తాకీ తాకనట్టు ఆగితే నాకు బాగుంటుంది. పాదం మీద పోగుపడిన గుడ్డ ఎత్తును మింగేస్తుంది.

ఇది చదివేవాళ్లు నిలువు గీతల మాట ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉంటారు. నిలువు గీతలు వేసుకుంటే పొడవుగా కనిపిస్తారని పొట్టివాళ్లందరికీ చిన్నప్పటి నుంచి నూరిపోస్తారు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దిలోనే దీనికి ఎదురు తిరిగే సంగతి చూపించారు. ఒకే కొలత ఉన్న రెండు చదరాలలో ఒకదాన్ని అడ్డగీతలతో, మరోదాన్ని నిలువు గీతలతో నింపితే, అడ్డగీతలున్నదే పొడవుగా కనిపిస్తుంది. మనిషి ఒళ్లు చదరం కాదు, కాబట్టి దీన్ని పట్టుకుని నేను అడ్డచారల కోటు కొనలేదు. కానీ గీతల మీద పెట్టిన నమ్మకం తగ్గింది. నాకు కళ్లారా తేడా కనిపించింది రంగులో. కోటు, ప్యాంటు ఒకే రంగులో ఉన్నప్పుడు చూపు నడుము దగ్గర ఆగదు. నీలం కోటు కింద తెల్లటి ప్యాంటు వేసిన రోజు ఫొటోలో నన్ను ఎవరో మధ్యకు కోసినట్టున్నాను. అసలు పొడవుగా కనిపించాలన్న తపనే నాకు విసుగు. సమావేశంలో నా మాట వినడానికి నేను ఐదున్నర అడుగులు ఉండనక్కరలేదు. చేతుల అంచులు మాటిమాటికీ పైకి లాగుకుంటూ ఉండకపోతే చాలు.

ఆరేళ్లలో తేలిన లోపాలు చాలానే ఉన్నాయి. లైనింగ్ మూడో ఏడాదిలో చంకల దగ్గర పిగిలింది. చెమట తగిలే చోట విస్కోస్ లైనింగ్ బలహీనపడుతుంది, దానికి తోడు ఎక్కడా వదులు ఇవ్వకుండా బిగువుగా కుట్టారు. వీపు మధ్యలో లైనింగ్‌కు ఒక వదులు మడత ఉండాలి, చేయి చాపినప్పుడు అది విచ్చుకుంటుంది. ఈ కోటుకు ఆ మడత పేరుకు మాత్రమే ఉంది. ప్యాంటు తొడల లోపలి వైపు నాలుగో ఏడాదికి ఉండలు కట్టింది. రెండు ప్యాంట్లు ఉండబట్టి ఇంతకాలం వచ్చింది, ఒకటే అయితే కోటు కొత్తగా ఉండగానే ప్యాంటు పోయేది. జేబుల సంగతి మరీ అన్యాయం. ప్యాంటు జేబులో ఫోను పట్టదు, రెండు వేళ్లు పడతాయి. పొట్టివాళ్ల ఫోన్లు కూడా పొట్టివని ఎవరో అనుకున్నట్టున్నారు.

ఒక తప్పు నాది. మొదటి రెండేళ్లు ప్యాంట్లను మాత్రమే డ్రై క్లీనింగ్‌కు ఇచ్చాను, కోటు మురికి పట్టలేదు కదా అని. ఇప్పుడు ఎండలో నిలబడితే కోటు ఒక నీలం, ప్యాంటు మరో నీలం. ఆఫీసు దీపాల కింద తెలియదు, నాకు మాత్రం తెలుస్తుంది. ఇచ్చినప్పుడల్లా మూడింటినీ కలిపి ఇవ్వాల్సింది.

ఇంకో తప్పు హ్యాంగర్ది, దాన్ని కనిపెట్టడానికి ఏడాది పట్టింది. మామూలు హ్యాంగర్ నా కోటు భుజం కంటే వెడల్పు. దాని కొనలు చేతుల పైభాగంలోకి పొడుచుకుని అక్కడ రెండు బొడిపెలు తెచ్చాయి. ఆవిరి పట్టి సరిచేసి, 15 అంగుళాల హ్యాంగర్‌కు మారాక మళ్లీ రాలేదు. ఒకరోజు వేసుకున్న కోటును మర్నాడు వేసుకోను, ఒక రోజు గాలికి వేలాడదీస్తాను. ఇస్త్రీ పెట్టె నేరుగా తగలనివ్వను, పైన తడి పలుచటి గుడ్డ వేసి నొక్కుతాను. ఉన్ని మోచేతుల దగ్గర ఇంకా మెరవకపోవడానికి అదే కారణం అనుకుంటున్నాను. నాలుగో ఏట నడుము ఒక అంగుళం పెరిగింది. ప్యాంటు వెనక కుట్టు లోపల అంతకు సరిపడా గుడ్డ వదిలారు కాబట్టి విప్పి వదులు చేయించుకున్నాను. ఈసారి ఏ దుస్తులు కొన్నా ముందు లోపలికి తిప్పి ఆ వదిలిన గుడ్డ ఎంత ఉందో చూస్తాను.

నాలాంటి ఎత్తే ఉన్నా ఛాతీ నిండుగా ఉన్నవాళ్లకు ఈ కోటు కోత కుదరదు, ఒంటి గుండీ అక్కడ విచ్చుకుంటుంది. వాళ్లు ఛాతీకి సరిపోయేది తీసుకుని నడుము తగ్గించుకోవడం మేలు. రెండు వరసల గుండీల కోటు పొట్టివాళ్లకు పనికిరాదనే మాట కూడా నేను పూర్తిగా ఒప్పుకోను. కోటు తుంటి దగ్గరే ఆగి, వరసల మధ్య దూరం తక్కువగా ఉంటే బాగానే ఉంటుంది. నా సహోద్యోగి ఒకామె వేసుకుంటారు, నాకంటే అంగుళమే పొడవు.

లైనింగ్ మార్చడానికి కోటు లోపలంతా విప్పినప్పుడు దర్జీ పెద్దాయనను ఒక కోరిక కోరాను. ముక్కల కొలతలన్నీ గోధుమరంగు కాగితం మీద గీసి ఇవ్వమన్నాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, వీపు ముక్కను బల్ల మీద పరిచి, చుట్టూ సుద్దముక్కతో ఆనవాళ్లు పెట్టుకుంటూ గీశారు. చంక దగ్గర మాత్రం అర అంగుళం పైకి మార్చారు. "ఇక్కడ వాళ్లు కొంచెం లోతు పెట్టేశారమ్మా, వచ్చే దాంట్లో ఇలా ఉంటే మీకు ఇంకా హాయి" అన్నారు. ఆ కాగితాల చుట్ట ఇప్పుడు నా బీరువాలో కోటు పక్కనే ఉంది. వచ్చే సూటుకు ముదురు బూడిద రంగు బట్ట కోసం వెతుకుతున్నాను.