తిరుమల ఫోన్ డిపాజిట్ కౌంటర్: ఐదుకి ఐదు ఇస్తాను

మాది తిరుపతే, కొండకి ఎన్నిసార్లు పోయుంటామో లెక్కలేదు, కానీ ఫోన్లు పెట్టే కౌంటర్ గురించి రాయాలని ఎప్పుడూ అనిపించలా. పోయిన నెల అమ్మ బస్సులో వచ్చింది, నేనూ మా అక్క కొడుకూ అలిపిరి నుంచి నడిచినాం. వాడికి 14 ఏళ్లు. 3,550 మెట్లూ చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకునే ఎక్కినాడు, చుట్టూ అందరూ గోవిందా అంటా ఉన్నా వీడికి వినపడలా.

గుళ్లోకి సెల్‌ఫోన్ పోనీరు కదా, ముందే డిపాజిట్ చెయ్యాల. పైసా తీసుకోరు, రసీదు ఇస్తారు, అది పోగొట్టుకోకుంటే చాలు.

వైకుంఠం కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నాక మొదటి గంట వాడి చెయ్యి ఊరికే ప్యాంటు జేబు మీదికి పోతా ఉంది, తడుముకుంటాడు, తీసేస్తాడు. నాకూ అంతే. అప్పుడు పక్కనున్న పెద్దామె, పలమనేరు పక్కన ఏదో పల్లె అంట, "ఏం చదువుతాండావు నాయనా" అని పలకరించింది. ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాడనుకున్నా. ఇంట్లో రెండు జెర్సీ ఆవులున్నాయని ఆమె అనేసరికి దూడ ఎట్లా పుడతాది, రాత్రిపూట అయితే ఏం చేస్తారు, డెయిరీలో పాలకి రేటు ఎట్లా కడతారు అని ఒకటే ప్రశ్నలు. ఆమె ఓపిగ్గా చెప్పింది, వెన్న శాతం చూసి కడతారని, ఈనేటప్పుడు ముందు కాళ్లు రెండూ, వాటి మీద ఆనించుకున్నట్టు మూతి కనపడితే భయం లేదని, రెండు చేతులూ ముందుకు చాచి, వాటి మీద తల వాల్చి మరీ చూపించింది. పాలు, ఉప్మా ఇస్తే వీడే లేచిపోయి ఆమెకీ తెచ్చిచ్చినాడు. ఇంట్లో మంచినీళ్లు తెమ్మంటే మూడుసార్లు పిలవాల వీడిని.

పోయేవాళ్లకి ఒకటి చెప్తా, బయటికొచ్చినాక ఎవరు యాడున్నారో ఫోన్ చేసి అడగలేం, కాబట్టి కలిసే చోటు ముందే అనుకోండి, మేం బేడి ఆంజనేయస్వామి గుడి ముందర అనుకున్నాం. నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి. మావాడికి వాళ్లమ్మ నంబరే నోటికి రాదని ఆరోజే తెలిసింది, మా అమ్మ కూర్చోబెట్టి పదిసార్లు చెప్పించింది.

దర్శనం చాలా బాగా జరిగింది. లడ్డూలు తీసుకుని అందరం కలిసే కౌంటర్‌కి వచ్చినాం, ఆ పెద్దామె కూడా వాళ్ల కొడుకూ కోడలితో మా వెనకే ఉంది. ఫోన్ ఆన్ చెయ్యగానే మెసేజీలు వరసగా వచ్చి పడతా ఉంటే చూసుకుంటా నిలబడిపోయినాం, తలెత్తేసరికి వాళ్లు లేరు. మావాడు బస్సుల దాకా పరిగెత్తి చూసొచ్చినాడు. ఆమె వాళ్ల చిన్న ఆవు ఈ నెలలోనే ఈనాల, ఊరి పేరు కూడా సరిగ్గా అడగలేదు కదా మామా అని మొన్న కూడా అన్నాడు.