పెన్సిల్ గీతలతో ఆరేళ్లు: పొడుగు ఇంగ్లీష్ మాటలు విడదీసే పద్ధతి

పర్లాకిమిడిలో మా వీధి పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీష్ చెప్పడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇంగ్లీష్‌లో పొడుగు మాట కనబడితే వాళ్లకు టెన్షన్. అందుకే మాటకు పెన్సిల్‌తో అడ్డగీతలు పెట్టించి ముక్కలు చేయిస్తాను.

మొదటి రెండేళ్లు పలికే ముక్కలే చేయించాను. ఒక్కో ముక్కకు ఒక అచ్చు ధ్వని. రెండు హల్లులు పక్కపక్కన ఉంటే చాలాసార్లు వాటి మధ్య గీత: నాప్-కిన్. చదవడం త్వరగా వచ్చింది గానీ రాయడం రాలేదు. మనం గవర్మెంట్ అంటాం కదా, పిల్లలూ అలాగే రాసి మధ్యలో ఎన్ వదిలేసేవారు. గవర్న్ అంటే పాలించడం, దానికి మెంట్ చేరిందని చూపించాక ఆ ఎన్ నిలబడింది. సైన్‌లో పలకని జి ఎందుకని ఒక పాప అడిగితే పక్కనే సిగ్నేచర్ రాశాను. అందులో జి వినబడుతుంది! ఆ పాప మొహం నాకింకా గుర్తు.

పలుకు వేరు, అర్థం వేరు అని చెప్పడానికి విద్యాలయం పనికొచ్చింది. విద్యా, ఆలయం అని సంధి విడదీస్తాం, పలికేటప్పుడు అలా విరవం. ఒడియా బడి పిల్లలకూ తెలిసిన మాటే. హెలికాప్టర్ కూడా అంతే. పలకడానికి హె-లి-కాప్-టర్. గ్రీకు మూలంలో మాత్రం గీత పి ముందు పడుతుంది: హెలికో అంటే మెలి తిరిగినది, ఆ తర్వాతది రెక్క.

ఇబ్బందులూ ఉన్నాయి. మా పాత డిక్షనరీలో మాటల మధ్య చుక్కలు పలికే ముక్కలే అనుకుని చాన్నాళ్లు తప్పు చెప్పాను. పంక్తి చివర మాట ఎక్కడ విరగాలో చెప్పే చుక్కలవి. ఇంకోటి, పిల్లలు అంకుల్‌లో 'కాదు' అనే అన్, కార్పెట్‌లో కారు వెతుకుతారు; అక్కడ అవి అర్థం ముక్కలు కావు. ఊనిక, అంటే ఏ ముక్కను నొక్కి పలకాలన్న సంగతి, గీతలు చెప్పవు: ఫొటోగ్రాఫ్‌లో మొదటి ముక్క మీద, ఫొటోగ్రాఫర్‌లో రెండో దాని మీద. అది వినిపించే నేర్పాలి.

చిన్న తరగతులకు పలుకు చాలు. ఆరో తరగతి నుంచి ముందు అర్థం గీత, తర్వాత పలుకు గీత పెట్టిస్తున్నాను. మొన్న పాతపట్నం రోడ్డులో లారీ మీద ట్రాన్స్‌పోర్ట్ చూసిన కుర్రాడొకడు వచ్చి, "మాస్టారూ, పోర్ట్ అంటే మోయడం అన్నారు కదా, రిపోర్ట్‌లోనూ అదేనా?" అన్నాడు. ఇద్దరం డిక్షనరీ తీశాం. అదే.