అన్ని వాలులకూ ఒకే స్నోబోర్డు: ఒక సీజన్ తరువాత నా అంచనా

‘ఆల్ మౌంటెన్’ అన్నది అమ్మేవారికి బాగా కలిసివచ్చిన మాట. యంత్రంతో చదును చేసిన వాలుకూ, చెట్ల మధ్య లోతైన పౌడర్‌కూ (కొత్తగా కురిసిన మెత్తటి మంచు), విన్యాసాల కోసం కట్టిన పార్కులోని చిన్న జంపులకూ సమానంగా పనికివస్తుందని చెప్పే బోర్డు ఏదైనా ప్రతిచోటా కొంత వదులుకున్నదే అయివుంటుంది కనుక, ఎక్కడ ఎంత వదులుకుందో చూసుకోవడమే అసలు ఎంపిక.

ఈ సీజనంతా నేను ఒకే బోర్డు వాడాను. పొడవు 157 సెంటీమీటర్లు, ఆకారం డైరెక్షనల్ ట్విన్ (రెండు కొనలూ దాదాపు ఒకేలా ఉన్నా ముందుకు సాగడానికి కాస్త అనుకూలించేది), ఫ్లెక్స్, అంటే బిగువు, పదికి ఆరు, పాదాల కింద కేంబర్ (విల్లులాంటి పైవంపు), రెండు కొనల దగ్గర కాస్త రాకర్ (కొనలను పైకి లేపే ఎదురు వంపు). నా బరువు 74 కిలోలు.

గట్టి మంచు మీద దీని నడక నాకు ఎంతో నచ్చింది. బల్ల మీద పెడితే బోర్డు నడుము దగ్గర విల్లులా కొద్దిగా పైకి లేచి ఉంటుంది; మనిషి బరువు పడగానే ఆ వంపు అణిగి, ఒత్తిడి పాదాల కిందే ఆగిపోకుండా అంచు పొడవునా పాకుతుంది. మలుపు చివర బోర్డు తిరిగి తన్ని పైకి లేపే ఆ చిన్న ఊపు కేంబర్ ఇచ్చేదే. పూర్తి రాకర్ బోర్డులు తప్పులను ఎక్కువగా మన్నిస్తాయి, పౌడర్‌లో తేలికగా తేలుతాయి, కానీ గట్టి వాలు మీద వేగం పెరిగితే వదులుగా కదులుతాయి. బర్టన్ సంస్థ 1996లో తెచ్చిన కస్టమ్ అనే బోర్డు ఇన్నేళ్లుగా ఈ తరగతిలో నిలబడడానికి, నా ఉద్దేశంలో, దాని కేంబర్ ఒక ముఖ్య కారణం. నా బోర్డుకు లిబ్ టెక్ వారి మాగ్నె ట్రాక్షన్‌లాంటి అలల అంచు లేదు. అద్దంలా గడ్డకట్టిన ఉదయాలలో ఆ లోటు తెలిసింది.

పొడవు, ఫ్లెక్స్ గురించి అందరూ అడుగుతారు, నడుము వెడల్పు గురించి అడిగేవారు తక్కువ. నేనూ అడగలేదు, దాని ఫలితం అనుభవించాను. నా పాదం 28.5 సెంటీమీటర్లు. ఇంతకుముందటి బోర్డు కొన్నప్పుడు దుకాణంలో ఎత్తూ బరువూ మాత్రమే అడిగి, నడుము 25 సెంటీమీటర్లున్న బోర్డు చేతిలో పెట్టారు. ఒక నిటారు వాలు మీద టో సైడ్ (కాలివేళ్ల వైపు అంచు మీద తిరిగే) మలుపులో బాగా వాలినప్పుడు బూటు ముందు భాగం మంచును గీరింది, అంచు ఒక్కసారిగా లేచిపోయింది, నేను పొట్ట మీద జారుతూ చాలా దూరం వెళ్లాను. ఇప్పటి బోర్డు నడుము 25.9, ఒక అంచు నుంచి మరో అంచుకు మారడం రవ్వంత నెమ్మదించినా, బూటు గీరడం పూర్తిగా ఆగింది. కొనబోయేవారు తమ బూట్లను, వీలైతే బైండింగులను (బూట్లను బోర్డుకు పట్టి ఉంచే బిగింపులు) కూడా, వెంట తీసుకువెళ్లి బోర్డు మీద తాము నిలబడే కోణంలో బిగించి, ఇరువైపులా ఎంత బయటికి వస్తోందో కంటితో చూసుకోవాలి. రెండు సెంటీమీటర్లు మించితే నేనైతే వద్దంటాను.

పౌడర్‌లో ఇది సర్దుకుపోతుంది, అంతే. మోకాలి లోతు మంచులో ముందుకొన మునగకుండా చూడడానికి వెనుక కాలు మీద బరువు వేస్తూ పోవాలి, మధ్యాహ్నానికి తొడ మండిపోతుంది. బైండింగులను రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిపితే చాలావరకు ఉపశమనం దొరికింది.

అడుగుభాగం సింటర్డ్ రకం, అంటే ప్లాస్టిక్ పొడిని వేడితో, ఒత్తిడితో అదిమి చేసినది. ప్లాస్టిక్‌ను కరిగించి పలకగా తీసే ఎక్స్‌ట్రూడెడ్ కంటే వేగమైనదే, వ్యాక్స్‌ను (బాగా జారడానికి పూసే మైనం) బాగా పీల్చుకుంటుంది, కానీ ఆ వ్యాక్స్ పెట్టే ఓపిక లేనివారికి అది దండగ. నేను ఏడెనిమిది రోజులు అశ్రద్ధ చేసేసరికి అంచుల వెంట నల్లటి అడుగు బూడిద రంగుకు తిరిగి, తక్కువ వాలు దారుల్లో మిత్రులంతా నన్ను దాటుకుంటూ పోయారు. పైపొర నాణ్యత మాత్రం నిరాశపరిచింది: లిఫ్టు వరుసలో స్కీల అంచులు తగిలి తోక దగ్గర మూడు చోట్ల పెచ్చులూడింది.

ఇప్పుడిప్పుడే మలుపులు నేర్చుకుంటున్నవారు ఫ్లెక్స్ నాలుగు దగ్గర ఉన్నది చూసుకోవడం మేలు. ఈ బోర్డు వారిని ఊరికే పడేస్తుంది. పార్కులోనే రోజంతా గడిపేవారికి కూడా ఇది బిగువెక్కువే. వారంలో ఎక్కువ రోజులు గట్టి వాలు మీద, మంచు కురిసిన రోజున చెట్ల మధ్య తిరిగే నాలాంటివారికి మాత్రం నిస్సంకోచంగా చెబుతాను. పైపొర ఊడిన చోట ఎపాక్సీ పూసి, వచ్చే సీజన్‌కూ దీన్నే ఉంచుకుంటున్నాను.