అమ్మ బీపీ, షుగర్‌కి ఏది మేలు: వీధిలో ఆరెంపీనా, స్పెషలిస్ట్ ఓపీనా, వార్డు నర్సమ్మా?

మా అమ్మకి 68 ఏళ్ళు, బీపీ షుగర్ రెండూ ఉన్నాయి, ఉండేది విశాఖలో కంచరపాలెం. మూడు చోట్లా చూపించాం, అందుకే ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే.

ఆరెంపీ మంచివాడే. రాత్రి పదింటికి ఫోన్ చేసినా బండేసుకుని వచ్చేస్తాడు, డబ్బులు తర్వాతైనా తీసుకుంటాడు, అమ్మకి ఆయన మీద బాగా గురి. కానీ మోకాళ్ళు నొప్పంటే ఒక ఇంజక్షన్ వేసేవాడు, నొప్పి తగ్గిపోయేది, షుగర్ మాత్రం ఎందుకు పెరుగుతోందో మాకు అర్థమయ్యేది కాదు, చాన్నాళ్ళకి తెలిసింది అది స్టెరాయిడ్ అని, అది షుగర్ పెంచేస్తుందని. ఆయన్ని అడిగేవాళ్ళు, సరిదిద్దేవాళ్ళు పైన ఎవరూ లేరు, నాకు భయం అక్కడే.

తర్వాత ప్రైవేట్‌లో స్పెషలిస్ట్‌కి చూపించాం. చదువుకి తిరుగులేదు. కానీ అక్కడ బీపీ చూసింది డాక్టరు కాదు, బయట టేబుల్ దగ్గర అసిస్టెంట్ కుర్రాడు. అమ్మ రెండంతస్తులు మెట్లెక్కి ఆయాసపడుతోంది, జాకెట్టు చెయ్యి మీదే పట్టీ చుట్టేసి, ఒకపక్క ఆమెతో మాట్లాడుతూనే 168 అని రాసేశాడు, లోపల డాక్టరు గారు ఆ అంకె చూసే డోసు పెంచారు, వారం తిరక్కుండానే అమ్మకి లేస్తే కళ్ళు తిరగడం. రాసిన అంకె తప్పయితే ఎంత పెద్ద డాక్టరు మాత్రం ఏం చేస్తారు?

అప్పుడు వచ్చింది మా వార్డు సచివాలయం ఏఎన్ఎం, అంటే మా వార్డు నర్సమ్మ, ఆశా అక్కతో కలిసి. అమ్మని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టింది, వీపు కుర్చీకి ఆన్చి, కాళ్ళు నేలకి ఆన్చి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి, మాట్లాడొద్దని చెప్పి రెండుసార్లు చూసింది. 118 వచ్చింది. నేను ఆత్రంగా, మరి మాత్ర సగం చేసేద్దామా అనడిగితే "అది నేను చెప్పకూడదు బాబూ, డాక్టరు గారే రాయాలి" అని మర్నాడే అర్బన్ హెల్త్ సెంటర్‌కి రమ్మంది. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

పల్లెల్లో అయితే ఇంకా నయం, పద్మనాభం వైపు మా పిన్ని వాళ్ళ ఊళ్ళో విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ అని డాక్టరుకీ మామూలు నర్సుకీ మధ్యస్థాయి ఆమె ఉంటుంది, బీఎస్సీ నర్సింగ్ మీద ఆరు నెలల కోర్సు చేసినామె, అవసరమైతే ఫోన్లోనే డాక్టరుతో మాట్లాడిస్తుంది.

ఇబ్బందులు లేవని కాదు. ఒక్కోసారి మాత్రలు అయిపోతాయి, బయట కొనుక్కోవాలి. రాత్రిపూట ఎవరూ రారు. ఆశాలు పల్లెల్లో 2005 నుంచి ఉన్నారు, టౌన్లకి 2013 తర్వాతే వచ్చారు, ఇక్కడ ఒక్కొక్కరికి వెయ్యి నుంచి రెండున్నర వేల మంది జనం, గర్భిణులు, పిల్లల టీకాలు, పైన ఫోన్లో యాప్‌ల ఎంట్రీలు, నెలకి చేతికొచ్చేది పదివేలు. ఆ జీతానికి అంత పని చేయించుకోవడం అన్యాయం, నా మటుకు నేనైతే గట్టిగానే చెప్తాను.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు నెలనెలా చూపించేది, మాత్రలు తెచ్చేది నర్సమ్మ దగ్గరే. మందు మార్చాలంటే డాక్టరు. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), ఏడాదికోసారి కళ్ళు, ఈ రెండింటికీ స్పెషలిస్ట్. మూతి వంకరపోయినా, మాట తడబడినా, గుండెలో బరువన్నా ఎవరికోసమూ చూడకుండా 108కి కొట్టి కేజీహెచ్‌కి, అదే విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రికి. ఆరెంపీని పూర్తిగా మానలేదు, చిన్న జ్వరానికి పిలుస్తాం, ఇంజక్షన్ మాత్రం వద్దంటాం.

మొన్న ఆశా అక్క వచ్చి "ఏటి పిన్నీ, చెప్పుల్లేకుండా తిరుగుతున్నావు, కాలు చూపించు" అంది. మడమ దగ్గర చిన్న పగులు, అమ్మకి తెలీనే తెలీలేదు. ఆ సాయంత్రమే హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళి కట్టు కట్టించాం.